కౌన్సెలింగ్ గది ఎక్కడుండాలి?

సంపాదకులకు నమస్కారం.

నేను హైస్కూల్లో 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మా బడిలో పిల్లల మానసిక ఇబ్బందులు విని సాయపడే కౌన్సెలర్ ఉన్నారు. అయితే ఆవిడకిచ్చిన గది ప్రిన్సిపాల్ ఆఫీసును ఆనుకుని ఉంటుంది, తలుపుకు సగం అద్దమే. ఆలస్యంగా వచ్చినవాళ్లను, హోంవర్కు చేయనివాళ్లను నిలబెట్టేది సరిగ్గా దాని ముందే. ఆ గదిలోకి ఎవరైనా వెళ్తే ఇంటర్వెల్‌లోపు క్లాసంతా తెలిసిపోతుంది. బయటికి రాగానే "ఏం చేశావే?" అని అడుగుతారు.

పోయినేడాది తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుంటే ఒక అమ్మాయి పేపర్లో చిల్లు కనబడింది. ఒకే లెక్కను చెరిపి, రాసి, మళ్లీ చెరిపి కాగితం చించేసింది. ఆ చిల్లు పక్కన ఇరుకులో జవాబు రాసి ఉంది. కరెక్టు జవాబే. నేను ఎర్ర పెన్నుతో 'నీట్‌గా రాయాలి' అని రాసి ఒక మార్కు తగ్గించాను. సిలబస్ అవలేదని ఆ క్లాసు కౌన్సెలింగ్ పీరియడ్ అడిగి తీసుకున్నదీ నేనే.

తర్వాత కడుపునొప్పి, తలనొప్పి అంటూ సెలవు చీటీలు మొదలయ్యాయి. ఆ పిల్ల రెండు నెలలు బడికి రాలేదు. రాత్రుళ్లు నిద్రపోయేది కాదట. తిరిగొచ్చాక తను చెప్పింది: "ఆ గదికి రెండుసార్లు వచ్చా టీచర్. బయట మన క్లాసువాళ్లు నిలబడి ఉన్నారు, వెనక్కి వెళ్లిపోయా." తనను అడిగే ఇది రాస్తున్నాను.

10 నుంచి 19 ఏళ్లవాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నా క్లాసులో 42 మంది. అంటే ఆరుగురు. ఎవరు ఫెయిలవుతారో నన్ను నిద్రలేపి అడిగినా చెబుతాను, ఈ ఆరుగురెవరో మాత్రం చెప్పలేను. 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం సిఫారసు. మా దగ్గర 1,100 మందికి ఒక్కరు, అదీ రాని టీచర్ల క్లాసులకు ఆవిడను పంపని రోజుల్లో.

ఇక రహస్యం సంగతి. పొద్దున పిల్లలు చెప్పుకున్నది మధ్యాహ్నం లంచ్ బాక్సులు తెరిచేసరికి స్టాఫ్‌రూమ్‌లో ఉంటుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడో, ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినప్పుడో తప్ప ఆ మాట గది దాటకూడదు. ఈ మినహాయింపులు కూడా పిల్లలకు ముందే చెప్పాలి. "చనిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని మాలో చాలామందికి భయం. నాకూ ఉండేది. అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి.

బడులు నడిపేవాళ్లను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఆ గదిని లైబ్రరీ వెనక్కి మార్చండి, పిల్లలు పుస్తకానికి వెళ్తున్నట్టే ఉంటుంది. అప్పటిదాకా అద్దానికి కాగితమైనా అంటించండి. కౌన్సెలర్‌ను వేరే క్లాసులకు పంపకండి. కౌన్సెలింగ్ పీరియడ్ ఎవరికీ ఇవ్వకండి, పరీక్షల ముందు నేనొచ్చి బతిమాలినా సరే.

– ఒక లెక్కల టీచర్