రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల క్యాన్సర్ మీద మీరు వేసిన వ్యాసం నైట్ డ్యూటీలో చదివాను. ప్రపంచంలో ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు, టీనేజర్లకు ఈ జబ్బు వస్తోందని, సంపన్న దేశాల్లో 80 శాతం పైగా కోలుకుంటున్నారని, 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మందినైనా బతికించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పూనుకుందని రాశారు. బాగుంది. ఆ పిల్లల మంచం పక్కన నిలబడేవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేను పన్నెండేళ్లుగా పిల్లల క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఆ ముక్కేదో నేను రాస్తాను.

ఏడేళ్ల పిల్లాడు, బ్లడ్ క్యాన్సర్. రాత్రి రెండింటికి మందు ఎక్కించే పంపు అలారం మోగితే వెళ్లాను. ట్యూబులో గాలి బుడగ. అది తీసేసి మళ్లీ స్టార్ట్ చేస్తుంటే చూశాను, వాడు మేలుకునే ఉన్నాడు. వాళ్లమ్మ కింద ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. "అక్కా, నేను చచ్చిపోతానా?" అన్నాడు. రేపు బడి ఉందా అని అడిగినంత మామూలుగా. "ఛ, అవేం మాటలు నాన్నా, పడుకో" అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఆరు నెలలు వార్డుకి వస్తూ పోతూనే ఉన్నాడు, నన్ను ఇంకొక్క ప్రశ్న అడిగితే ఒట్టు. సూదికి చెయ్యి చాపేవాడు, అంతే.

నాకు కీమో ఎక్కించడం వచ్చు. మందులెక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చే పోర్టుకి సూది పెట్టడం వచ్చు. రక్తకణాల కౌంట్లు పడిపోయి జ్వరం వస్తే ఏది ముందు చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ ప్రశ్నకి ఏమనాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. చాలా ఏళ్లకి ఒక సైకాలజిస్టు చెప్పారు: మంచం అంచున కూర్చుని "నీకలా ఎందుకనిపించింది నాన్నా?" అని అడగాలి, అడిగి ఊరుకోవాలి. ఇప్పుడు అలాగే చేస్తున్నాను. ఒకసారి ఒక పాప అసలు సంగతి చెప్పింది. తన గురించి కాదు, పక్క మంచం తమ్ముడు ఎటుపోయాడో ఎవరూ చెప్పడం లేదట.

"వాడి ముందు క్యాన్సర్ అనకండి సిస్టర్" అని తల్లిదండ్రులు చేతులు పట్టుకుంటారు. వాళ్లని తప్పుపట్టను. కానీ స్వీడన్‌లో, క్యాన్సర్‌తో బిడ్డని పోగొట్టుకున్న అమ్మానాన్నలని అడిగి 2004లో ఒక అధ్యయనం వేశారు. చావు గురించి బిడ్డతో మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా ఎందుకు మాట్లాడామా అనుకోలేదు. మాట్లాడని వాళ్లలో 27 శాతం మంది మాత్రం మాట్లాడి ఉండాల్సింది అని కుమిలిపోయారు. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన రోజే తెలిసుంటే, ఇద్దరు ముగ్గురు తల్లుల దగ్గరైనా నోరు మెదిపేదాన్ని.

ఇక తోబుట్టువులు. ఇన్ఫెక్షన్ భయంతో వాళ్లని లోపలికి రానివ్వం. లిఫ్టు దగ్గర బెంచీ మీద కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల నా చున్నీ పట్టుకుని ఆపింది. "తమ్ముణ్ణి స్కేలుతో నెత్తిమీద కొట్టాను ఆంటీ. అందుకేనా?" కాదమ్మా, కొడితే ఈ జబ్బు రాదు, నీవల్లా రాలేదు, ఎవరివల్లా రాలేదు అన్నాను. నమ్మలేదు. మర్నాడు మళ్లీ అడిగింది.

ఇవన్నీ నర్సు మంచితనానికి వదిలేసే పనులు కావు. 2015లో అంతర్జాతీయ నిపుణులు ఈ పిల్లలకీ కుటుంబాలకీ అందాల్సిన సాయం మీద 15 ప్రమాణాలు ప్రచురించారు. తోబుట్టువులని పట్టించుకోవడం, డబ్బు ఇబ్బంది కనుక్కోవడం అందులో ఉన్నాయి. బిడ్డ పోయాక ఆ ఇంటివాళ్లని వైద్య బృందంలో ఎవరో ఒకరు పలకరించాలన్నదీ ఉంది. మా దగ్గర బిడ్డ పోతే ఫైలు రికార్డు రూముకి పోతుంది, అక్కడితో సరి. నేను చేసిన నాలుగైదు ఫోన్లు మెట్ల మీద నిలబడి, సొంత ఫోన్లో చేసినవే.

జబ్బు తేలిన తొలి రోజుల్లోనే కుటుంబానికి ఇచ్చే ప్రశ్నల కాగితం కూడా ఉంది, పాట్ అంటారు. ఇంట్లో తోడెవరు, రాకపోకలెలా, డబ్బుకెలా, ఇదివరకే మోస్తున్న కష్టాలేమిటి, ఇవి అడుగుతుంది. ఎవరికి మామూలు ధైర్యం చాలు, ఎవరికి ఇంకాస్త ఆసరా కావాలి, ఎవరికి వెంటనే నిపుణుల సాయం కావాలి అన్నది దాంతో తేలుతుంది. ఇది లేకపోతే తల్లి కుప్పకూలాకే మాకు తెలుస్తుంది.

కాకపోతే అలాంటి కాగితాలు తెలుగులోకి వచ్చేసరికి పంతులుగారి భాషలోకి పోతాయి. ఒకసారి ఓ తల్లి ముందు ఫారం పట్టుకుని "మీరు మానసిక క్షోభకు లోనవుతున్నారా?" అని చదివాను. ఆవిడ బిక్కమొహం వేసి "అంటే ఏం టెస్టు సిస్టర్?" అంది. ఫారం పక్కన పెట్టి "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అన్నాను. అరగంట మాట్లాడింది. ఆ అరగంటకి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు, నా మిగతా మంచాలు ఆలస్యమైనందుకు చీవాట్లు మాత్రం పడ్డాయి.

మా సంగతీ చెప్పాలి. ఈ పిల్లలని చూసుకునేవాళ్లు అలసి మోడువారిపోకుండా ఏం చేయాలో పిల్లల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం సియోప్ 2000లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మాకు అందింది గంట క్లాసు. పొద్దుతిరుగుడు పూల స్లయిడ్లు, 'ఒత్తిడిని జయించండి', చివర్న సర్టిఫికెట్. ఒక బిడ్డ పోయిన మర్నాడు వార్డంతా పదిహేను నిమిషాలు కూర్చుని ఆ బిడ్డ గురించి మాట్లాడుకోనివ్వండి, ఆ సర్టిఫికెట్ తిరిగి ఇచ్చేస్తాను.

అడిగేది కొంచెమే. ప్రతి పిల్లల క్యాన్సర్ వార్డుకి ఒక కౌన్సిలర్ ఉండాలి, రాత్రి కూడా ఫోనుకి దొరకాలి. కొత్తగా చేరే నర్సుకి మందుల డోసులతో పాటు ఈ మాటలు కూడా నేర్పాలి, చదివించి కాదు, ఎదురెదురుగా కూర్చోబెట్టి అనిపించి. ఆ కాగితాలు రాసేవాళ్లు అచ్చుకి ముందు ఒక్క తల్లికైనా చదివి వినిపించాలి.

ఏ ప్రశ్నకి ఏమంటే పిల్లలు మళ్లీ మాట్లాడారో, ఏమంటే గోడవైపు తిరిగారో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను, పేర్లు లేకుండా. మా వార్డులో కొత్తవాళ్లు దాన్నే ఫోన్లో ఫోటోలు తీసుకుంటున్నారు. ఆదివారం అనుబంధంలో అర పేజీ ఇస్తానంటే మీకూ పంపుతాను.

ఒక స్టాఫ్ నర్సు
(పేరు, ఊరు వేయొద్దని మనవి)