గేమ్ పెడితే 100 డిగ్రీలు, మీరేమో "నార్మలే సార్" అన్నారు: మా గేమింగ్ పీసీ మీద కంప్లైంట్

కస్టమర్ కేర్ వాళ్ళకి నమస్కారం అండి,

ఏప్రిల్ చివర్లో మా తమ్ముడి కోసం మీ దగ్గర గేమింగ్ పీసీ ఆర్డర్ పెట్టాను, ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, దాని డబ్బాలోనే వచ్చే కూలర్, 16 జీబీ ర్యామ్. మేమే అసెంబుల్ చేసి టెస్ట్ చేసి పంపుతాం అని మీరు రాశారు కాబట్టే కొన్నా, లేకపోతే ఇక్కడ ఖమ్మంలోనే ఏదో ఒక షాపులో దగ్గరుండి కట్టించుకునేవాణ్ణి.

వచ్చిన రోజు సాయంత్రమే వాడు వాలరెంట్ గేమ్ పెట్టాడు. రెండు నిమిషాలు బానే ఆడింది, తర్వాత ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) దబ్బున పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఏంటా అని టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ప్రాసెసర్ 100 డిగ్రీలు, థర్మల్ త్రాట్లింగ్ (వేడికి స్పీడ్ తగ్గించుకోవడం) పక్కన ఎర్రగా "యెస్", 4 గిగాహెర్ట్జ్ మీద నడవాల్సింది 1.6 కి దిగిపోయింది. గేమ్ మూసేసి పది నిమిషాలు ఊరికే వదిలేసినా 71. వాడు టేబుల్ ఫ్యాన్ తెచ్చి క్యాబినెట్‌కి ఎదురుగా పెట్టి అక్కడే కూర్చున్నాడు పాపం, తగ్గింది రెండు డిగ్రీలు.

ఫోన్ చేస్తే మీ సపోర్ట్ అబ్బాయి ఏమన్నాడంటే, 100 వరకు సేఫే సార్, మీ ఊళ్ళో ఎండలెక్కువ, ఏసీ వేసుకోండి అని. ఈ మాటకే నాకు ఎక్కువ బాధేసింది.

ఆ చిప్‌కి 100 అనేది ఇంటెల్ పెట్టిన ఆఖరి హద్దు అండి, అక్కడికొస్తే తనని కాపాడుకోడానికి స్పీడ్ తగ్గించుకుంటది, ఇంకా పెరిగితే మొత్తం ఆఫ్ అయిపోద్ది. చిప్ కాలిపోదు నిజమే, కానీ నేను డబ్బులు కట్టింది ఆ స్పీడ్‌కే కదా. హద్దు ఒక్కో చిప్‌కి ఒక్కోలా ఉంటదని నాకూ తెలుసు, ఏఎండీ కంపెనీ రైజెన్ 7800ఎక్స్3డీకి 89, 7600ఎక్స్‌కి 95, అది ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్ళేలానే చేశామని ఏఎండీ వాళ్ళే చెప్పారు, కాబట్టి పెద్ద నంబర్ కనపడగానే గొడవకొచ్చే మనిషిని కాను. కానీ ఇది 65 వాట్ల చిప్, గేమ్‌లో 60, 70 ల్లో ఉండాల్సింది. ఇక ఎండ సంగతి అంటారా, మా గదిలో 35 ఉంది, గది పది డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్ కూడా దాదాపు పదే తగ్గుద్ది, అంటే ఏసీ వేసి 25 చేసినా ఖాళీగా ఉన్నప్పుడే 60 చూపించేది.

పోనీ తెరిచి చూద్దామంటే సైడ్ గ్లాస్ స్క్రూ మీద మీ వారంటీ స్టిక్కర్. తీస్తే వారంటీ పోద్ది, మీ ఖర్చుతో కొరియర్ చేయండి అన్నారు, నాలుగు మెయిల్స్ పెట్టాను, 19 రోజులు గడిచాయి. ఇక ఆగలేక వీడియో తీస్తూ నేనే తెరిచాను. కూలర్‌కి నాలుగు కాళ్ళుంటాయి కదా, కింద వైపు రెండూ బోర్డులోకి దిగనే లేదు, వేలితో కదిపితే కూలర్ లేస్తుంది. ఊడదీసి చూస్తే చిప్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్ట్ పై సగం పల్చగా నలిగింది, కింది సగం ఫ్యాక్టరీలో పూసింది పూసినట్టే ఉంది, అసలు చిప్‌ని తాకిందే లేదు. తుడిచి కొత్త పేస్ట్ వేసి, ఎదురెదురు మూలలు నొక్కితే టక్ టక్‌మని నాలుగూ పట్టాయి. ఇప్పుడు అదే గది, అదే గేమ్, ఏసీ లేదు, ఖాళీగా 44, గేమ్‌లో 69.

డబ్బా మీద "టెస్టెడ్ ఓకే" అని మీ స్టిక్కర్ ఇంకా ఉంది. ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్ ఇచ్చే సినీబెంచ్ టెస్ట్ ఐదు నిమిషాలు తిప్పి చూసినా ఇది మీ దగ్గరే బయటపడేది, టెస్ట్ చేయకుండా ఆ స్టిక్కర్ ఎలా వేశారు?

నాకు కావాల్సింది ఇదీ: స్టిక్కర్ తీసినందుకు వారంటీ పోలేదని మెయిల్‌లో రాసివ్వండి. పంపే ప్రతి పీసీకీ లోడ్‌లో ఎంత టెంపరేచర్ వచ్చిందో ఒక కాగితం పెట్టండి. 100 నార్మల్ అని ఇంకెవరికీ చెప్పొద్దని మీ వాళ్ళకి చెప్పండి, తెలియని వాళ్ళు నమ్మి ఏళ్ళ తరబడి అలాగే వాడతారు. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 కి ఫోన్ చేసి కన్స్యూమర్ కంప్లైంట్ పెడతాను.

వీడియో, రెండు సార్ల రీడింగుల ఫోటోలు, బిల్లు కాపీ దీనితోనే పంపుతున్నా. ఫోన్ చేస్తే సాయంత్రం 6 తర్వాత చేయండి, అంతకుముందు డ్యూటీలో ఉంటాను.