వెనక తెల్లగా ఉన్న నోటు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మతో నువ్వు చెప్పిందంతా విన్నాను. మీ అమ్మ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడుతుంది కదా. ఫోన్‌లో మాట్లాడితే కేకలేస్తానని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ దగ్గర అప్పు తీసుకున్న ఆ స్నేహితురాలు, సంక్రాంతికి మనింటికొచ్చి అరిసెలు డబ్బాలో పెట్టించుకుని వెళ్లిన పిల్లే కదా! విడతలు విడతలుగా 70,000 ఫోన్‌పే చేయించుకుని, ఇప్పుడు మీ స్నేహితులందరితో 'ఎప్పుడో ఇచ్చేశాను' అంటోందట. ఇవ్వలేకపోతే ఇబ్బందుల్లో ఉందనుకోవచ్చు. ఇచ్చానని చెప్పడాన్ని ఏమనుకోవాలి?

నువ్వు పుట్టిన ఏడు మిరపకాయలమ్మిన డబ్బులోంచి 20,000 నా స్నేహితుడికిచ్చాను. చేబదులే. మీ తాతయ్య పోరు పడలేక తర్వాత ప్రోనోటు, అంటే అప్పు తీర్చేస్తానని వాడు సంతకం పెట్టిన కాయితం, రాయించుకున్నాను. మరుసటేడు 2,000 తెచ్చి చేతిలో పెట్టాడు. నోటు వెనక చెల్లు, అంటే ఇంత కట్టానని, రాయమనడానికి నాకు నోరు రాలేదు. మన వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్న మనిషి చేతికి పెన్నిచ్చి సంతకం పెట్టమంటే ఏమనుకుంటాడోనని. చివరికి ప్లీడరు దగ్గరికి వెళ్తే, ఆయన తేదీ చూసి నోటు వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉంది. "మూడేళ్లు దాటి పదకొండు రోజులైందండీ, కాలదోషం పట్టింది" అన్నాడు. అంటే కేసు వేసే గడువు దాటిపోయిందన్నమాట. ఆ 2,000 వెనక రాసి వాడి సంతకం ఉంటే అక్కణ్ణుంచి మళ్లీ 3 ఏళ్లు వచ్చేవట.

నీకు ప్రోనోటు లేదు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. గడువేమీ అనుకోకుండా ఇచ్చావు కాబట్టి, పంపిన ప్రతి మొత్తానికీ ఆ తేదీ నుంచే 3 ఏళ్లు లెక్క. మొదటిది పోయిన జూన్‌లోనే అన్నావు, టైముంది. కానీ స్టేట్‌మెంట్ డబ్బు వెళ్లిందని చెబుతుంది గానీ అప్పని చెప్పదు. ఆ మాట ఆ అమ్మాయే అనాలి. "ఎప్పుడిస్తావే" అని కాకుండా, "ఫలానా తేదీల్లో మొత్తం 70,000 తీసుకున్నావు, ఇంతవరకు ఏమీ రాలేదు, నెలకు ఎంత ఇవ్వగలవు?" అని మెసేజ్ పెట్టు. "5,000 ఇస్తాలే" అన్నా చాలు, సాక్ష్యానికి పనికొస్తుంది. కాయితం మీద సంతకం దొరికితే మరీ గట్టిది. చెక్కు ఇస్తే తీసుకో. బౌన్సయితే బ్యాంకు నుంచి ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది అందాక కట్టడానికి 15 రోజులు గడువుంటుంది.

గ్రూపులో పెట్టి పరువు తీద్దామన్నావు. వద్దు. అప్పుడందరూ డబ్బు సంగతి వదిలేసి నీ నోటి గురించి మాట్లాడతారు. అడగడానికి నువ్వు మొహమాటపడటం మాత్రం నాకు అర్థం కాలేదు అందామనుకున్నాను. వరండా గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ 20,000 తీసుకున్నవాడు మొన్న పెళ్లి భోజనాల్లో నా పక్కనే కూర్చున్నాడు. పెరుగన్నం కలుపుకుంటూ, "అమ్మాయి బాగా సంపాదిస్తోందా?" అని అడిగాడు. బాగానే అన్నాను.

ఆ నోటు బీరువాలో నీ టెన్త్ సర్టిఫికెట్ల కింద ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూద్దువుగాని.

అన్నట్టు, అరిసెల స్టీలు డబ్బా కూడా అడగమంటోంది మీ అమ్మ. మూత మీద అమ్మమ్మ పేరు కొట్టించి ఉంటుంది.

నాన్న