షాతో లతూర్ అడ్వాన్స్ బుకింగ్ గురించి, ఉన్నది ఉన్నట్టు

ఏప్రిల్ దగ్గర పడేసరికి మా వైన్ షాపుకి మళ్ళీ షాతో లతూర్ గురించి, అంటే ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు పేరున్న రెడ్ వైన్ గురించి, అవే ఫోన్లు. "కొత్త లతూర్ ఒక కేసు (సీసాల పెట్టె) మా పేరు మీద రాసి ఉంచండి, డబ్బు ఇప్పుడే వేసేస్తాం" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కొత్త లతూర్‌కి నేను అడ్వాన్స్ తీసుకోను. ఇంగ్లండ్‌లో ఇంకెవరైనా తీసుకుంటామన్నారంటే డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

సంగతేమిటంటే, బోర్డోలో పెద్ద ఎస్టేట్లు చాలావరకు వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే అమ్మేస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్ష కోస్తారు, మరుసటి వసంతంలో వ్యాపారులూ విమర్శకులూ వెళ్ళి రుచి చూస్తారు, ధర బయటికొస్తుంది, మనం డబ్బు కడతాం, సీసా చేతికి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టొచ్చు. లతూర్ ఈ పద్ధతి వదిలేస్తున్నానని 2012లోనే చెప్పేసింది. అలా ముందే అమ్మిన వైన్లలో 2011 పంటది ఆఖరిది. అప్పటి నుంచి సరుకు తమ సెల్లార్‌లోనే ఉంచుకుని, తాగడానికి తయారైందని వాళ్ళకి తోచినప్పుడు వదులుతున్నారు. 2012 పంట వైన్ 2020లో గానీ బయటికి రాలేదు.

వాళ్ళకి చెల్లుతుంది. 1993 నుంచి యజమాని ఫ్రాన్స్వా పినో, గుచ్చి లాంటి బ్రాండ్లున్న గ్రూపు ఆయన కుటుంబానిదే, ఎనిమిదేళ్ళు సరుకు కదలకపోయినా వాళ్ళ నిద్రకేం లోటు రాదు. నాకు మూడు నెలలు ఒక కేసు కదలకపోతే టెన్షన్. అయినా నా లెక్కలో ఇది కొనేవాళ్ళకి మంచిదే: సీసా నాలుగు గోడౌన్లు తిరగకుండా నేరుగా ఎస్టేట్ నుంచి వస్తుంది, నకిలీ అన్న భయం ఉండదు. కాకపోతే అన్నేళ్ళు దాచిన ఖర్చంతా ధరలో కలిపేస్తారు, చవగ్గా దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

అన్నేళ్ళు ఎందుకు ఆగాలి? ఇది పొయ్యాక్ ఊళ్ళో, జిరోండ్ నదికి దగ్గరలో ఉన్న తోట. పాతకాలం నుంచీ ఉన్న అసలు ముక్క, లాంక్లో అంటారు, సుమారు 47 హెక్టార్లు. పైన గులకరాళ్ళు, కింద బంకమన్ను. నీళ్ళు పైన నిలవవు, ఎండలు ముదిరినా అడుగున తేమ ఉంటుంది, పక్కన నది ఉండటం వల్ల మంచు దెబ్బ కూడా తక్కువే. వేసేది ఎక్కువగా కాబర్నే సోవిన్యోన్. పండు చిన్నది, తోలు మందం, రసం కంటే తోలు నుంచి దిగే వగరే ఎక్కువ. పీపాలో ఉండగా రుచి చూస్తే పచ్చి వక్క నమిలినట్టు నోరంతా పట్టేస్తుంది. ఆ వగరు మెత్తబడటానికే పది పదిహేనేళ్ళు కావాలి, మంచి ఏడాదిదైతే ఇంకా ఎక్కువ.

కోత చేత్తోనే. ఒక్కో మడి పంటని విడిగా పులియబెడతారు. దానికి వాడే స్టీలు తొట్లు వచ్చింది 1964లో, అదీ ఇంగ్లీషు వాళ్ళ హయాంలో (1963లో పియర్సన్ కంపెనీ కొన్నది, తర్వాత 30 ఏళ్ళు ఇది ఇంగ్లీషు చేతుల్లోనే ఉంది, ఫ్రెంచి వాళ్ళు ఇప్పటికీ ఆ మాట పెద్దగా ఎత్తరు!). తొట్టెలో వేడి అదుపులో ఉంటేనే తోలు నుంచి కావలసినంత దిగి చేదు దిగకుండా ఉంటుంది. తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లోకి. అన్ని మడులూ రుచి చూసి, మెరికల్లాంటివి అసలు లతూర్‌కి, మిగతాది రెండో వైన్ లె ఫోర్ ద లతూర్‌కి, ఇంకా మిగిలింది పొయ్యాక్ పేరుతో మూడో వైన్‌కి పోతుంది.

లేబుల్ మీది బురుజు గురించి కూడా అడుగుతుంటారు. 14వ శతాబ్దంలో అక్కడ నిజంగానే ఒక కోట ఉండేది, అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు తోటలో కనిపించే గుండ్రటి బురుజు 17వ శతాబ్దంలో కట్టిన పావురాల గూడు. ఫొటోలకి మాత్రం బాగుంటుంది.

ఇక అసలు విషయం. పిల్లాడు పుట్టిన ఏడాది వైన్ కొని పెళ్ళికి తీద్దామనుకునేవాళ్ళు, అది బయటికొచ్చేదాకా ఆగండి, తొందరేం లేదు, పిల్లాడు ఎలాగూ పెరగాలి కదా. పెట్టుబడి అనుకునేవాళ్ళకి నా దగ్గర ప్రోత్సాహం లేదు: ఈ మధ్య ముందే డబ్బు కట్టి కొన్న బోర్డో వైన్లు చాలావాటికి తర్వాత మార్కెట్లో అంతకంటే తక్కువ ధరే పలికింది. ఇప్పుడే తాగాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది లె ఫోరే. దాన్ని గోంగూర మటన్‌తో మాత్రం తీయకండి, కారం తగిలితే వగరు రెట్టింపై డబ్బంతా వృథా. మిరియాలు, ఉప్పు పట్టించి కాల్చిన గొర్రె మాంసం చాలు. రెండు గంటల ముందే డికాంటర్‌లో (వైన్‌కి గాలి తగిలేలా పోసి ఉంచే గాజు కూజాలో) పోసి ఉంచండి.

లె ఫోర్ సీసాలు షాపులో కొన్నే ఉన్నాయి. మనిషికి రెండే ఇస్తాను, బంధువుల పేరు చెప్పి ఆరు అడగొద్దు. కావాలంటే శుక్రవారంలోపు మెసేజ్ పెట్టండి.