ఫ్యానుకూ ఎల్‌ఈడీ బల్బు దారే చూపండి

రాష్ట్ర ఇంధన శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

అయ్యా, తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాన్లు మాలాంటివాళ్లకు వాయిదాల మీద ఇప్పించమని అడగడానికి ఈ ఉత్తరం. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. డాబా పై పోర్షన్‌లో అద్దెకుంటాం. మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి ఆనించలేం. మా అమ్మకు డెబ్బై దాటాయి. ఆమె గదిలో ఫ్యాను రోజుకు 16 గంటలకు తక్కువ తిరగదు. అది కట్టెయ్యమని నేను అనలేను, ఎవరూ అనకూడదు కూడా.

పోయిన వేసవిలో బిల్లు చూసి గుండె గుభేలుమంది. ఓ ఆదివారం మీటరు ముందు కూర్చున్నాను. ఎర్రలైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని మా మీటరు మీదే రాసి ఉంది. ఇంట్లో అన్నీ కట్టేశాను. అయినా రెండు నిమిషాలకోసారి లైటు మిణుకుమంటోంది. ఇల్లంతా వెతికితే టీవీ కింద సెట్‌టాప్ బాక్సు! రిమోట్‌తో ఆపడమే తప్ప ప్లగ్గు దగ్గర స్విచ్ ఏనాడూ కట్టలేదు మేము. అదీ ఆపేసి అమ్మ ఫ్యాను ఒక్కటే వేశాను. పదిహేను సెకన్లకోసారి వెలిగింది. లెక్క కడితే 75 వాట్లు.

తర్వాత ఆ గదిలో తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం మోటారు ఫ్యాను బిగించాం. గాలి ఏమాత్రం తగ్గలేదు. లైటు వెలగడానికి మాత్రం నలభై సెకన్లు పట్టింది, అంటే 28 వాట్లు. ఆ ఒక్క ఫ్యాను మీదే నెలకు 22 యూనిట్లు మిగులుతున్నాయి. థర్మల్ కేంద్రంలో యూనిట్‌కు దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు చూస్తూ పెరిగినవాణ్ణి, నెలకు 15 కిలోల బొగ్గంటే నాకు కళ్లకు కడుతుంది.

చిక్కల్లా ధర దగ్గరే. మామూలు ఫ్యాను కంటే వెయ్యికి పైగానే ఎక్కువ. మా వీధిలో ఆటో తోలేవాళ్లు, ఇళ్లలో పనిచేసుకునేవాళ్లు అంత డబ్బు ఒక్కసారే ఎక్కడ తెస్తారు? ఎల్‌ఈడీ బల్బులు వచ్చిన కొత్తలో పాత బల్బు ఇచ్చి పది రూపాయలకు కొత్తది తెచ్చుకున్నాం. ఇవాళ మా వీధిలో 60 వాట్ల బల్బు వెతికినా దొరకదు. ఫ్యానుకూ ఆ దారే చూపండి. ఉచితంగా వద్దు. నెలకు వంద చొప్పున కరెంటు బిల్లులో కలిపి వసూలు చేసుకోండి. మిగిలే యూనిట్ల డబ్బుతోనే వాయిదా చాలావరకు తీరిపోతుంది.

డాబా మీద సున్నం రెండు పూతలు వేయించాం. మధ్యాహ్నం కాలు పెట్టగలుగుతున్నాం, కింద గదిలోనూ తేడా తెలుస్తోంది. ఏసీలున్నవాళ్లు 18లో పెట్టి దుప్పటి కప్పుకోకుండా 24లో పెట్టుకుంటే ఎంతో కలిసొస్తుంది. ఒక్కో డిగ్రీకి 6 శాతం దాకా కరెంటు ఆదా అవుతుందట.

ఇంకొక్క మాట, మీ శాఖది కాదని తెలిసే రాస్తున్నాను. బందరు రోడ్డు మీద సిగ్నల్ పడినప్పుడు ఎన్ని సెకన్లుందో అంకె కనబడితే నాలాంటివాళ్లు ఇంజన్ ఆపేస్తారు. అంకె లేనిచోట ఎప్పుడు పచ్చలైటు పడుతుందో తెలియక అందరూ ఇంజన్ ఆన్‌లోనే ఉంచుతారు, పెట్రోలు అక్కడే ఆవిరవుతుంది. సిగ్నళ్ల దగ్గర ఎండకు నీడగా పచ్చవలలు కట్టే చోటల్లా ఆ అంకెలూ పనిచేసేలా సంబంధిత శాఖకు మీరొక మాట చెప్పండి.

ఫ్యానుల సంగతి మాత్రం వచ్చే వేసవిలోపే తేల్చండి. మొదట పై అంతస్తుల్లో, రేకుల ఇళ్లలో ఉండేవాళ్లకు ఇప్పించండి.

ఇట్లు,
అజిత్‌సింగ్‌నగర్ వాసి, విజయవాడ