వంగే బ్యాటరీలు సరే, వాడేశాక ఎవరు తీసుకుంటారు?

సంపాదకులకు,

అయ్యా,

మడతపడే తెరలు, చర్మానికి అంటుకునే వైద్య పట్టీలు, వాటికి కరెంటు ఇచ్చే పాలిమర్ బ్యాటరీల గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. ప్లాస్టిక్‌లోనూ కరెంటు పారుతుందని చూపిన హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలకు 2000లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అలా కరెంటు పారే ప్లాస్టిక్‌లలో ఒకటైన పాలిఅనిలిన్‌ను కొబ్బరి చిప్పల కార్బన్‌తో కలిపి, కరెంటును నిల్వచేసి చకచకా అందించే వంగే సూపర్ కెపాసిటర్లు చేయాలని ప్రయోగశాలల్లో ప్రయత్నిస్తున్నారు. కోనసీమవాడిగా ఇది విని మురిసిపోయాను కూడా. అయితే ఆ సరుకు మన అంగళ్లకు రావడానికి ఇంకా టైముంది. ఈలోగా వచ్చి కూర్చున్నవి వేరే ఉన్నాయి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, స్మార్ట్ వాచీల్లో ఉండే లిథియం పాలిమర్ బ్యాటరీల సంగతి చెబుతున్నాను. పేరులో పాలిమర్ ఉంది కదా, ఉత్త ప్లాస్టిక్కే అనుకుంటారు చాలామంది. పైసంచి ప్లాస్టిక్ పొరలు అద్దిన అల్యూమినియం రేకు. లోపలి అడ్డుతెర ప్లాస్టిక్. వాటి మధ్య ఉండేవి మాత్రం కోబాల్టు, మండే ద్రావకం, లిథియం లవణం. ఆ లవణానికి తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషం పుడుతుంది. నీళ్ల మధ్య బతికే డెల్టాకు ఇది చిన్న విషయం కాదు.

వేసవిలో కాలువలు కట్టేశాక మా వంతెన కింద చూడాలి. ఎండిన గుర్రపు డెక్క, చేపల మేత సంచులు, డైపర్లు, వాటి నడుమ ఇయర్‌ఫోన్ డబ్బాలు. పగిలిన ఓ డబ్బాలోంచి బ్యాటరీ అప్పడంలా పొంగి కనిపించింది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ కాలువ నుంచే మంచినీటి చెరువులు నింపుతారు. గట్టు మీది చెత్తకేమో సాయంత్రం నిప్పు పెడతారు. మధ్యలో టప్పుమని పేలితే పిల్లలకు వేడుక.

చట్టం లేక కాదు. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆకారం, బరువు, రసాయనంతో నిమిత్తం లేకుండా అన్ని బ్యాటరీలకూ వర్తిస్తాయి. వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. పూడ్చకూడదు, కాల్చకూడదు. వాడినవాళ్లు విడిగా అప్పగించాలి. ఎవరికి అప్పగించాలి? ఫోన్ల దుకాణంలో అడిగితే కొత్తది కొనమన్నారు. మా ఊరి చెత్త సంపద కేంద్రంలో తడికి, పొడికి తొట్లున్నాయి గానీ బ్యాటరీకి లేదు. "పొడి చెత్తే కదా మాష్టారూ, వేసేయండి" అన్నాడు బండి తోలే కుర్రాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, తప్పు అతనిది కాదు. చేతి తొడుగులు కూడా లేవు పాపం.

తయారీదారులు వెనక్కి తీసుకోవాల్సిన లక్ష్యాలకు లెక్క బరువు మీదే. గ్రాముల్లో తూగే వీటి కోసం లంక గ్రామాల దాకా ఎవరు వస్తారు? నగరాల్లోనే పోగుచేసి లెక్క సరిపెట్టే వీలుంటే సరిపెట్టేస్తారు. అందుకే మండలాలవారీగా సేకరణ కేంద్రాల జాబితాను కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించాలి. ప్రతి గ్రామ సచివాలయంలో పొడి ఇసుక పోసిన ఓ మూత డబ్బా, పక్కన బ్యాటరీ కొసలకు అంటించడానికి టేపు చుట్ట ఉంచితే చాలు. నెలకోసారి కంపెనీలు తమ ఖర్చుతో తీసుకెళ్లాలి.

రేపు ఈ బ్యాటరీ చొక్కా అంచులోకో గాయం పట్టీలోకో చేరితే చెత్త ఏరేవాళ్లు దాన్ని ఎలా పోల్చుకుంటారు? కొట్టివేసిన చెత్తడబ్బా గుర్తు బ్యాటరీ మీద ఉండాలన్నది ఇప్పటికే నియమం. వస్తువు పైభాగానా కనిపించేలా వేయించాలి. అది ఢిల్లీలో తేలాల్సిన పని. ఇక్కడ తేలేది ఒకటుంది: ఈ వేసవి పూడికతీత టెండరు షరతుల్లో, దొరికిన బ్యాటరీలను విడిగా అప్పగించాలన్న ఒక్క వాక్యం చేర్చడం. దానికి జలవనరుల శాఖకు పెద్దగా ఖర్చేమీ కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
కోనసీమ