పదేళ్ల సర్టిఫికెట్ తెచ్చుకున్న నా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటో చూశాం. డ్రోన్ పక్కన సర్టిఫికెట్ పట్టుకుని నిలబడ్డావు కదా, మీ అమ్మ మన పురుగుమందుల కొట్టుకొచ్చిన రైతులందరికీ ఫోన్ తీసి చూపించింది. మనవైపు మందు కొట్టడమంటే కూలికి పోయే మగవాళ్ల పని. ఆ పనిని డ్రోన్‌తో చేయడానికి నువ్వు చదువుకుని, పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నావు. నాకు చాలా గర్వంగా ఉందమ్మా.

అయితే మొన్న ఫోన్‌లో ఒక మాట అన్నావు. "ఇది పదేళ్లు చెల్లుతుంది నాన్నా, అప్పటిదాకా మళ్లీ క్లాసుల గోల లేదు" అని. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. ఫోన్‌లో చెబితే పని తొందరలో సగమే వింటావని ఉత్తరం రాస్తున్నాను.

నేను కొట్టు పెట్టింది 1996లో. లైసెన్సుకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. నా చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కంపెనీల మనుషులు మీటింగుల్లో ఏం చెబితే అదే నాకు పాఠం. 2017లో డీలర్ల డిప్లొమాలో చేరాను, నీకు గుర్తుండే ఉంటుంది. 'దేశీ' కోర్సు అనేవాళ్లం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ శిక్షణ సంస్థ 2003లో మాలాంటి వాళ్ల కోసమే మొదలుపెట్టింది. 48 వారాలు, వారానికి ఒక్క రోజు, అదీ సెలవు రోజున. 40 రోజులు క్లాసు, 8 రోజులు పొలాల్లో తిరగడం. నలభై మందిమి, చాలామందికి తలలు నెరిసినవే. "ఈ వయసులో బడికా" అని మీ తాతయ్య నవ్వారు.

ఆరో వారమో ఏడో వారమో, సారు బోర్డు మీద మూడు మందుల పేర్లు రాశారు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఎసిటామిప్రిడ్. "పత్తిలో పచ్చదోమ పోకపోతే వీటిని మార్చి మార్చి ఎంతమంది ఇస్తున్నారు?" అని అడిగారు. అందరం చేతులెత్తాం. సారు ఆ మూడింటినీ కలిపి చుట్టూ ఒకే గీత గీశారు. మూడూ ఒకే కుటుంబం, మూడూ పురుగు నరాల మీద ఒకే చోట పనిచేస్తాయి, ఒకదానికి తట్టుకున్న దోమ మిగతా రెండింటికీ తట్టుకుంటుంది అన్నారు. క్లాసులో ఎవ్వరం మాట్లాడలేదు.

నాకు ఆ క్షణాన మన చెరువు కట్ట కింద ఐదెకరాలు కౌలుకు చేసే ఆయన కళ్ల ముందు మెదిలాడు. అంతకు ముందు ఏడాది ఆయనకు వారానికొకటి చొప్పున ఆ మూడు డబ్బాలూ నేనే ఇచ్చాను. ప్రతిసారీ "ఇది వేరే మందు, ఈసారి ఆగుతుంది" అని నమ్మకంగా చెప్పాను. కావాలని అబద్ధం ఆడలేదమ్మా, నాకు తెలియదు. కానీ ఆయన చేలో ఆకులు అంచుల నుంచి ఎర్రబడి ముడుచుకుపోయాయి. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డబ్బులిస్తే తీసుకోనన్నాడు, ఖాతాలో ఆ మూడు డబ్బాల బాకీ కొట్టేశాను. ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నాను.

నేను క్లాసులకు వెళ్తున్న ఆ 2017లోనే మహారాష్ట్రలో యవత్మాల్ పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. సారు ఆ వార్త క్లాసులో చదివి వినిపించారు. తల ఎత్తు పెరిగిన పత్తి, రెండు మూడు మందులు కలిపి కొట్టడం, ముఖానికి ఒక గుడ్డ కూడా లేకపోవడం. ఇవన్నీ మన ఊళ్లో రోజూ చూసేవే. మందు కొట్టి వచ్చిన మనిషి కళ్లు తిరిగి పడిపోతే మజ్జిగ తాగించి నీడన పడుకోబెట్టేవాళ్లం. ముందు తడిసిన బట్టలు విప్పేయాలని, ఒళ్లు సబ్బుతో కడగాలని, డబ్బా కూడా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాలని నాకు అప్పుడే తెలిసింది. ఏ మందో తెలిస్తేనే కదా డాక్టరు సరైన విరుగుడు ఇచ్చేది.

ఇక నీ పని సంగతి. చేతిపంపుతో పత్తికి ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పడతాయి. నీ డ్రోన్ ఇంచుమించు 10 లీటర్లతో ముగిస్తుంది. మందు మోతాదు అదే అయితే నీ ట్యాంకులో ఉన్నది ఇరవై రెట్లు చిక్కనిదన్నమాట. గాలి కాస్త మళ్లినా అది పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ల మీద పడుతుంది. ఎగరేసే ముందు చుట్టుపక్కల చేలల్లో ఎవరున్నారో నడిచి చూసి రా. ఫోన్‌లో అడిగి సరిపెట్టుకోకు. పూత మీదున్న చేను అయితే తేనెటీగలు తిరిగే పొద్దున పూట వద్దు, సాయంత్రం పెట్టుకో.

ట్యాంకు కడగడం మాత్రం ఎవరికీ అప్పజెప్పకు తల్లీ. వరిలో 2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపును సరిగా కడక్కుండా పత్తికి వాడితే ఏమవుతుందో నేను చూశాను. వారం తిరక్కుండా పత్తి ఆకులు చీలికలు పడి బెండాకుల్లా అయ్యాయి. ఆ రైతు తెగులనుకుని నా దగ్గర ఇంకో మందు కొనడానికి వచ్చాడు. ఆకు చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైంది, క్లాసులో అలాంటి ఆకే చూపించారు కాబట్టి.

మందులూ ఎప్పటికీ అవే ఉండవు. నేను కొట్టు పెట్టినప్పుడు చేతినిండా అమ్ముడుపోయింది ఎండోసల్ఫాన్. 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది. 2021లో మన మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడితే అంతకుముందు తెలిసిందేదీ అక్కరకు రాలేదు, గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధనా కేంద్రం) శాస్త్రవేత్తలు చెప్పింది విని నీలం రంగు జిగురు అట్టలు తెప్పించాను. నీ సర్టిఫికెట్ పదేళ్లు ఉంటుంది సరే, ఈ పదేళ్లలో ఎన్ని మందులు పోతాయో, ఎన్ని పురుగులు కొత్తగా వస్తాయో! కాలిఫోర్నియాలో ఉన్న మీ పిన్ని కొడుకు చెప్పాడు, అక్కడ మందు కొట్టే లైసెన్సు నిలవాలంటే రెండేళ్లకోసారి 20 గంటల క్లాసులు చూపించాలట, అందులో 4 గంటలు చట్టాల మీదే. మన దగ్గర నిన్నెవరూ అలా అడగకపోవచ్చు. నువ్వే వెళ్లాలి. లాం ఫారంలో గానీ, కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ రైతులకు శిక్షణ పెడితే వెనక బెంచీలో అయినా కూర్చో. ఆ రోజు పనికి నష్టమైతే నాకు చెప్పు, నేను ఇస్తాను.

ఈ ఉత్తరంతో పాటు నా క్లాసు నోట్సు పంపిస్తున్నాను. చివరి పేజీల్లో ఏ మందు ఏ కుటుంబమో పట్టిక గీసుకున్నాను. 2018 తర్వాత వచ్చిన మందులు అందులో లేవు. అవి కనుక్కుని నీ చేత్తో రాసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా. కొట్టులో నాకూ కావాలి.

నాన్న